తువ్వాలు కింద బేరసారథి

మా దాపటి ఎద్దు శివరాత్రి వెళ్లిన వారానికి చచ్చిపోయింది. కాడికి ఎడమవైపు కట్టేదాన్ని దాపటిది అంటాం, కుడివైపుది వలపటిది. జత పోయాక వలపటిది మేత సరిగా ముట్టలేదు. పక్కన ఖాళీగా ఉన్న గుంజ వైపు చూస్తూ నిలబడేది. ఒంటెద్దుతో సేద్యం సాగదు. ఏరువాక పున్నమి లోపల దానికొక జతను తేవాలి. ఆ ఏడు నాకున్న పని అదొక్కటే. మామూలుగా అయితే ఒక్క సంతలో తెమిలే పని. బేరసారథి రావడం వల్ల వేసవంతా పట్టింది.

ఊటుపాడు సంత గురువారం పూట జరుగుతుంది. అక్కడ పశువు ధర నోటితో చెప్పరు. దళారి భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుంటాడు. దాని కింద ముందు అమ్మేవాళ్ల వేళ్లు పట్టుకుంటాడు, తర్వాత కొనేవాళ్ల వేళ్లు పట్టుకుంటాడు. ఏ వేలు పడితే ఎంతో సంతకు వచ్చే వాళ్లందరికీ తెలుసు. ఎవరు ఏ వేలు పట్టుకున్నారో మాత్రం తువ్వాలుకే తెలుసు. పక్కన నిలబడ్డవాడు తన ఎద్దుకూ అదే ధర పట్టుకొని కూర్చోకుండా ఉండాలి. కొన్నవాడు ఇంట్లో ఒక మాట, తోడల్లుడితో ఒక మాట చెప్పుకోగలగాలి. ఎద్దు చెవిన తన ధర పడగూడదని కూడా అంటారు. పడితే ఏమవుతుందో ఎవరూ చూడలేదు, ఎప్పుడూ పడలేదు గనక.

ఉగాది ముందు సంతలో దావులూరి అంకమ్మ ఒక ఎద్దును పట్టుకొని నిలబడి ఉంది. ఆమెది మా ఊరికి రెండూళ్ల అవతల. మొగుడు పోయినప్పటి నుంచి పశువుల బేరానికి ఆమే వస్తుంది, తువ్వాలు కింద ఆమే చెయ్యి పెడుతుంది. ఎద్దు తెల్లటిది, ఆరు పళ్లది, మెడ దగ్గర కాస్త బూడిదరంగు. నడిపించి చూశాను. మా వలపటిదాని అడుగు ఎంత పడుతుందో దీని అడుగూ అంతే పడింది. కొమ్ముల ఎత్తు సరిపోయింది. సుళ్లు వెతికాను, తప్పు సుడి లేదు. నచ్చిందని మొహంలో కనపడకుండా చూసుకున్నాను. అమ్మక తప్పదని మొహంలో కనపడకుండా ఆమె చూసుకుంది. బేరానికి అన్నీ కుదిరినట్టే.

దళారి నాగుల్‌మీరాను పిలిచాను. అతను ఆ సంతలో నా వయసువాడు, మా నాన్న ఎడ్లకు అతని తండ్రే దళారి. అతను తువ్వాలు తీసి విదిలించాడు. అప్పుడే మైకు మోగింది. బేరాలన్నీ ఆపి షామియానా దగ్గరికి రావాలని అందులో చెప్పారు.

షామియానా పశు విపణి ఆధునికీకరణ సంస్థ వారిది. అట్లాంటి సంస్థ ఒకటి ఉందని మాకు ఆ రోజు దాకా తెలియదు. మేము ఉన్నామని వాళ్లకూ ఈ మధ్యనే తెలిసిందట. సంచాలకులు ఏకాంబరం గారు మైకు ముందుకు వచ్చారు. మనిషి మంచివాడే. పట్టు కండువా వేసుకొని, మా అందరికీ వంగి నమస్కారం పెట్టారు.

“రైతు సోదరులారా, తరతరాలుగా మీ బేరము చీకటిలో జరుగుచున్నది. తువ్వాలు అనెడి ఆ చీకటిని తొలగించి, ధరను వెలుతురులోనికి తెచ్చుటకే బేరసారథి అవతరించినది.”

బేరసారథి పలకంత వెడల్పు, ఇటుకంత మందం ఉంది. నెత్తిన ఎండకు నడిచే బిళ్ల. మెడలో వేసుకోవడానికి ఒక పట్టీ. ధర నొక్కితే అది నెట్‌లోకి పోయి, షామియానా పక్కన నిలబెట్టిన పెద్ద తెర మీదికి దిగుతుంది. అమ్మినవాళ్ల పేరు, ఊరు, కొన్నవాళ్ల పేరు, ఊరు, మధ్యలో ధర. ఎర్ర అంకెలు. సంత అవతల గుడిసెల్లోంచి కూడా కనపడేంత పెద్దవి.

ఇందులో ఫోను వస్తుందా అని ఒకతను అడిగాడు. రాదన్నారు. క్రికెట్టు వస్తుందా అని వెనకనుంచి ఇంకొకతను. రాదన్నారు. అందరి జేబుల్లోనూ ఫోన్లు ఉన్నాయి గదా, ఇదేదో వాటిలోనే పెట్టగూడదా అని నాగుల్‌మీరా మర్యాదగా అడిగాడు. ఏకాంబరం గారు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు నవ్వారు.

“ఫోను చపలచిత్తము గలది. బేరసారథి ఏకాగ్రచిత్తము గలది. ఒక పరికరము, ఒక ప్రయోజనము. ఇదియే మా సంస్థ సిద్ధాంతము.”

ఒక్క పని తప్ప ఇంకేమీ రానివాళ్లను మేమూ గౌరవంగానే చూస్తాం, కాస్త దూరం నుంచి. బేరసారథిని కూడా అట్లాగే చూశాం.

తొలి బేరం వేదిక మీద జరిగింది. అప్పుడే ఒక గేదెను కొన్నతన్ని పిలిచి, ధర నొక్కించారు. తెర మీద ఎర్రగా పడింది. ఆ గేదెను అమ్మిన మనిషి దగ్గరే, అన్నే ఈతలు ఈనిన గేదెను పోయిన వారం కొన్న ఇతని తోడల్లుడు జనంలోనే ఉన్నాడు. అతను తెర చదివాడు. తర్వాత అమ్మినతని వైపు చూశాడు. ఇద్దరినీ విడదీసే లోపలే సంస్థవాళ్లు ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో తర్వాత వాళ్ల పుస్తకంలో వచ్చింది. కింద ‘ఉత్సాహంతో ముందుకు దూసుకొస్తున్న రైతులు’ అని ఉంది.

ఆ రోజు నుంచి బేరసారథిలో నొక్కని బేరానికి గేటు చీటీ లేదన్నారు. చీటీ లేని పశువు సంత గేటు దాటకూడదు, దాటినా దారిలో ఆపుతారు. దళారులు తలా ఒక బేరసారథిని కొనుక్కోవాలి. ఎవరూ కొనలేదు. వచ్చే వారం జనం వచ్చారు, పశువులు వచ్చాయి, బేరం మాత్రం రాలేదు. తాళ్లు అమ్మేవాళ్లు తాళ్లు అమ్ముకున్నారు. మిగతా అందరం ఎవరి తువ్వాలు కింద వాళ్ల చెయ్యి పెట్టుకొని నిలబడ్డాం. సాయంత్రం ఎవరి పశువుల్ని వాళ్లం తోలుకుపోయాం.

ఇంటికే వచ్చి తోలుకుపోతానని అంకమ్మకు కబురు పెట్టాను. ఆమె ఒప్పుకోలేదు. గుమ్మంలో ఎద్దు పగ్గం చేతులు మారితే ఆ ఇంటికి మంచిది కాదంది. అదీ నిజమే. మా ఇంట్లోనూ అట్లా చెయ్యం. పోనీ సంతలోనే, దళారి లేకుండా, ఒకరికొకరం చెప్పుకుందామంటే ఆ ధర నా నోటితో నేను అడగలేను, తన నోటితో ఆమె చెప్పలేదు. అందుకని వారం వారం ఆమె ఎద్దును తోలుకొచ్చేది. నేను గుప్పెడు ఉలవలు మూటగట్టుకొని పోయేవాణ్ణి. ఎద్దు ఎట్లా ఉందని అడిగేవాణ్ణి. బాగుందని చెప్పేది. మా వలపటిది ఎట్లా ఉందని ఆమె అడిగేది. బాగాలేదని చెప్పేవాణ్ణి. సాయంత్రం దాకా అంతే మాటలు.

బేరసారథి విపణిలో ఎందుకు నిలబడలేదో తేల్చడానికి సంస్థ ఒక సంఘం వేసింది. అందులో రైతుల తరఫున ఒకరుండాలి. సంత ఆఫీసు వసారాలో నీడ ఉందని నేను నిలబడి ఉన్నాను. వెంగళయ్య అని పేరు రాసుకొని నన్ను వేశారు. క్షేత్రాధికారి హేమాద్రి అని ఒకాయన కుర్చీ తెచ్చి వేశాడు. ముప్పై దాటిన మనిషి, పట్నంవాడు, ఎండకు మొహం కందిపోయి ఉండేది. అమ్ముడుపోని బేరసారథుల పెట్టెలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. ఒక పెట్టె మీద కోడి పొదిగి ఉంది. దాన్ని కదిలించకుండా చుట్టూ కూర్చున్నాం.

వైఫల్యానికి కారణాలేమిటని ఏకాంబరం గారు అందరినీ అడిగారు. పెట్టె రంగు బాగాలేదని ఒకరన్నారు. పేరు ఇంకా పొడుగ్గా ఉండాల్సిందని ఒకరన్నారు. నన్ను అడిగితే నేనేమీ అనలేదు. రైతు ప్రతినిధి మౌనంగా ఆమోదించారని రాసుకున్నారు. హేమాద్రి ఒక్కడే, వీళ్లు ధర పైకి కనపడటానికి ఇష్టపడటం లేదు సార్, తువ్వాలు లేకపోవడమే లోపం అన్నాడు.

ఏకాంబరం గారు కళ్లు మూసుకొని ఆలోచించారు. తర్వాత, అయితే పరికరమునకు తువ్వాలు సమకూర్చుదము అన్నారు.

దాని పేరు తువ్వాలు కాదు, గోప్యతా ఆచ్ఛాదనము. అంచు రంగు కోసం రెండు వారాలు చర్చ జరిగాక అది వచ్చింది. నాగుల్‌మీరా పరీక్షకని ఇచ్చిన బేరసారథిని మెడలో వేసుకొని, దాని మీద ఆచ్ఛాదనం కప్పి, అంకమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఇంతలో బేరసారథి ఆరిపోయింది. అది ఎండకు నడిచే సరుకు, తువ్వాలేమో ఎండను ఆపే సరుకు. కప్పు తీస్తే వెలిగేది, కప్పితే ఆరేది. మధ్యాహ్నం దాకా కప్పుతూ తీస్తూ కూర్చున్నారు. దూరాన్నుంచి చూసినవాళ్లు, నాగుల్‌మీరా దేనికో వేడి పడగూడదని విసురుతున్నాడనుకున్నారు.

సంఘం తరువాతి సమావేశంలో, ఎండను రానిచ్చే ఆచ్ఛాదనం కావాలని తీర్మానమైంది. దోమతెర గుడ్డతో చేసినవి వచ్చాయి. వాటి కింద బేరసారథి ఆరలేదు. వేళ్లు కూడా ఆరలేదు, అన్నీ బయటికి కనపడ్డాయి. నాకూ అంకమ్మకూ నడుమ బేరం మొదలయ్యేసరికి చుట్టూ జనం మూగారు.

“అదిగో, నడిమేలు పట్టాడు.”

“కాదయ్యా, ఉంగరం ఏలు. కళ్లు తెరిచి చూడు.”

“అంకమ్మక్కా, ఆ ఏలు ఒదలబాకు. ఎంగళయ్య బావ ఇంకా పైకొస్తాడు.”

“ఆ ఎద్దుకా? అంతకా? బావకి ఎండదెబ్బ తగిలినట్టుండాది.”

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అంకమ్మా తీసుకుంది. మా ఇద్దరి చేతుల మధ్య నాగుల్‌మీరా చెయ్యి ఒక్కటే దోమతెరలో చేపలాగా మిగిలిపోయింది. ఎద్దు మాత్రం ఉలవలు తింటూ ఉంది. అప్పటికి అది నన్ను చూస్తే తల ఎత్తడం నేర్చుకుంది. అది నాకు బాగుందనిపించింది, బాధ కూడా అనిపించింది. ఇంకొకళ్ల ఎద్దు మనల్ని చూసి తల ఎత్తడం మంచిది కాదు.

ఎండలు ముదిరాయి. మా ఊళ్లో కొందరు దుక్కులు మొదలుపెట్టారు. సంస్థవాళ్లు ఈసారి చాలా దూరం ఆలోచించారు. అసలు లోపం తువ్వాలులో లేదు, వేళ్లతో పనిచేసే జనానికి మీటలు ఇవ్వడంలో ఉంది అని తేల్చారు. బేరసారథికి చెయ్యి పెట్టారు. రబ్బరు చెయ్యి. అయిదు వేళ్లు, గోళ్లు కూడా ఉన్నాయి. అమ్మేవాళ్లు ఆ వేళ్లు పట్టుకుంటే ఎంత పట్టుకున్నారో లోపల తెలిసిపోతుందట. దళారితో పనే లేదన్నారు. అయినా అనుభవం ఉన్నవాడని పరీక్షకు నాగుల్‌మీరానే పిలిచారు. మందపాటి తువ్వాలు కింద ఆ చెయ్యి పెట్టారు. ఎండ బిళ్లను ఒక కర్రకు కట్టి పైకెత్తి పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టారు.

నాగుల్‌మీరా తువ్వాలు కింద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

“చచ్చినోడి చెయ్యి పట్టుకున్నట్టుండాది సార్. చల్లగా.”

హేమాద్రి రాసుకున్నాడు. రెండు సంతల తర్వాత చేతికి వేడి పెట్టించుకొచ్చారు. నాగుల్‌మీరా మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి కాసేపు ఉంచాడు.

“ఎట్లున్నది అనుభూతి?” అన్నారు ఏకాంబరం గారు.

“జొరమొచ్చినోడి చెయ్యి సార్. పొడిగా కాలతా ఉండాది. మనిషి చెయ్యంటే చెమట పడతాది గదా.”

చెమట ఏర్పాటు కూడా జరిగింది. చేతి లోపల చిన్న తొట్టి, వేళ్ల చివర సన్న రంధ్రాలు. తొట్టి ఎప్పటికప్పుడు నింపడానికి ఒక ఉద్యోగాన్ని మంజూరు చేయించారు. ఆ ఉద్యోగం పేరు స్వేద సహాయకుడు. ఒక చెంబు, ఒక గరాటా ఇచ్చారు. దానికి మా మండలం నుంచే చాలామంది అర్జీలు పెట్టుకున్నారని విన్నాను. బేరసారథి వల్ల కలిగిన మేలు ఎవరడిగినా నేను ఇదొక్కటి చెబుతాను.

నాగుల్‌మీరా మూడోసారి చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. సంతంతా మూగి చూసింది. తీసి, అరచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

“అబద్ధమాడేవోడి చెయ్యి సార్.”

ఏకాంబరం గారికి పట్టరాని సంతోషం కలిగింది. యంత్రానికి మానవ స్వభావం వచ్చిందని అక్కడికక్కడే ప్రకటించారు. అందరికీ మజ్జిగ పోయించారు. మజ్జిగ తాగుతూ నాగుల్‌మీరా హేమాద్రితో, అబద్ధమాడేవోడితో మేము బేరం చెయ్యం బాబూ అని మెల్లగా చెప్పాడు. ఎదుటివాడు ఇక దిగను అని వేలు బిగిస్తాడు. బిగించిన వేలు ఏదో ఒక క్షణాన కాస్త వదులవుతుంది. ఆ వదులు కోసమే దళారి. ఈ చెయ్యి వదులు కాదు, బిగుసుకోదు, ఊరికే చెమట పోసుకుంటూ ఉంది. హేమాద్రి మజ్జిగ గ్లాసు పట్టుకొని, ఇది పైకి ఎట్లా రాయాలో తెలియడం లేదు మామా అన్నాడు. అప్పటికి అతను మాకు వరస కలిపాడు.

ఆ సాయంత్రం అంకమ్మ ఎద్దును తోలుకుపోతూ నా దగ్గర ఆగింది.

“ఏరువాక పున్నమి దాకా చూస్తాను, అన్నా. ఆపైన నా వల్ల గాదు. మేత లేదు. మా మరిది లారీకెక్కిద్దామంటన్నాడు.”

ఆ లారీ కబేళాకు పోయేదని ఇద్దరికీ తెలుసు. ఎద్దు నా చేతిలో ఉలవలు లేవని మూతితో రెండుసార్లు తడిమి చూసి ఆమె వెంట పోయింది.

పున్నమి ఇంక మూడు వారాల్లో పడింది. సంఘం తరువాతి సమావేశంలో రబ్బరు చేతికి వదులు ఎట్లా తెప్పించాలా అని మాట్లాడుతున్నారు. లోపల స్ప్రింగు పెడితే ఎట్లా ఉంటుందని ఒకరు, గాలి నింపితే ఎట్లా ఉంటుందని ఒకరు. అది అయ్యేసరికి దసరా వస్తుందన్నారు. పొదిగిన కోడి అప్పటికి పిల్లల్ని లేపింది. అవి మా కాళ్ల మధ్య తిరుగుతున్నాయి. సంఘంలో నేను మాట్లాడింది అప్పుడొక్కసారే.

“చెయ్యే కావాల్నంటే, మనిషి చెయ్యే పెట్టరాదా సార్.”

ఇదంతా ఎత్తేసి మా దళారుల్ని మాకు వదిలేయండని నా భావం. ఏకాంబరం గారు లేచి నిలబడ్డారు. నా దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన చేతులు వెచ్చగానే ఉన్నాయి. తర్వాత కూర్చున్నవాళ్ల వైపు తిరిగి, ఇంతకాలం మనం పరికరాన్ని మనిషిగా మార్చబోయాం, మనిషినే పరికరంగా గుర్తిస్తే సరిపోయేది అన్నారు. అందరూ బల్ల చరిచారు. కోడిపిల్లలు బెదిరి పెట్టెల వెనక్కి పోయాయి.

నేనన్నది అది కాదని చెబుదామనుకున్నాను. ఈ లోపల రాసుకున్నారు.

మరుసటి సంతకు ఉత్తర్వు వచ్చింది. ఊటుపాడు సంతలోని దళారులందరూ ఆ రోజు నుంచి జీవ బేరసారథులు. ఎవరి సంఖ్య వాళ్ల తువ్వాలు అంచున ఎర్ర దారంతో కుట్టించి ఇచ్చారు. అప్పటిదాకా ఒక్కటీ అమ్ముడుపోని పరికరం ఒక్కరోజులో సంతలో ఉన్న దళారులందరికీ చేరిందని పై ఆఫీసుకు తెలియజేశారు. అది అబద్ధం కూడా కాదు.

పరికరానికి ఉండే నియమాలు పాతవే, కొత్తవి రాయడానికి వ్యవధి లేదు. హేమాద్రి అవన్నీ చదివి వినిపించేసరికే ఆ రోజు సంత ముగిసింది. రోజుకు రెండుసార్లు చార్జింగు పెట్టాలి. దాని కింద రెండు టీలు మంజూరు చేశారు. పరికరం లోపల బయటి పదార్థాలు వేయరాదు. అంటే నాగుల్‌మీరా వక్కాకు మానాలి. కింద పడేయరాదు. విప్పి చూడరాదు. మరమ్మతు వస్తే కేంద్ర కార్యాలయానికే పంపాలి, స్థానికంగా ఎవరూ ముట్టుకోరాదు. జలుబు చేస్తే ఎట్లా అని ఒక దళారి అడిగితే, హేమాద్రి తలొంచుకొని పార్సిలు చేస్తారన్నాడు. నీటిలో ముంచరాదు. స్నానం సంగతేమిటని నాగుల్‌మీరా అడిగాడు. హేమాద్రి పుస్తకం రెండుసార్లు తిరగేసి, చిలకరించుకోవచ్చు అన్నాడు.

పని లేని వేళల్లో పరికరాన్ని పొడి చోట భద్రపరచాలని కూడా ఉంది. అది చూసి రావడానికి సంస్థవాళ్లు నాగుల్‌మీరా ఇంటికి వెళ్లారు. అతని భార్య ఖాసింబీ తలుపు దగ్గరే నిలబడి, పై కప్పు చూపించింది.

“మీ పరికరం పడుకునే చోటే కురస్తాది సార్. తడిస్తే నన్నడగబాకండి.”

మూడో రోజుకల్లా ఇంటి మీద కొత్త టార్పాలిన్ పట్టా కప్పించారు. నలభై ఏళ్లు కాపురం చేసినా మనిషిగా ఉన్నప్పుడు ఈయన వల్ల గాలేదని ఖాసింబీ వీధిలో అందరికీ చెప్పుకుంది.

పున్నమికి ముందు అదే ఆఖరి సంత. ఆ పొద్దు తూర్పున మబ్బు పట్టి ఉంది. అంకమ్మ ఎద్దును తోలుకొచ్చింది. సంత గేటు అవతల ఒక లారీ ఆగి ఉంది. దాని పక్కన ఆమె మరిది బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. ఇవాళ ఎద్దు నా వెంట అయినా రావాలి, ఆ లారీ అయినా ఎక్కాలి. ఆమె మొహంలో ఏమీ దాచుకోలేదు. నేనూ దాచుకోలేదు.

నాగుల్‌మీరా ఎర్రదారం అంచు తువ్వాలు తీసి విదిలించాడు. చేతి మీద కప్పుకున్నాడు. తువ్వాలు మామూలు తువ్వాలు, చెయ్యి మామూలు చెయ్యి. అంకమ్మ వేళ్లు పట్టుకున్నాడు. తర్వాత నావి. అతని చెయ్యి గరుగ్గా, కాస్త తడిగా ఉంది. ఒకసారి బిగించాడు. నేను బిగించాను. చుట్టూ ఎవరూ మాట్లాడలేదు. చూడటానికేమీ లేదు. మళ్లీ అంకమ్మ దగ్గరికి పోయాడు. మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. రెండోసారి అతని వేలు నా వేలి మీద ఉన్నప్పుడు, నేను వదలదలుచుకోకుండానే నా వేలు కొద్దిగా వదులైంది. అది అతనికి తెలిసింది. అతనికి తెలిసిందని నాకు తెలిసింది. అక్కడితో బేరం అయిపోయింది.

పగ్గం నా చేతికి వచ్చింది. అంకమ్మ ఎద్దు మెడ మీద ఒకసారి నిమిరి, ఇంక అటు చూడలేదు.

గేటు దగ్గర బల్ల వేసుకొని ఏకాంబరం గారే స్వయంగా కూర్చుని ఉన్నారు. జీవ బేరసారథి చేసిన తొలి బేరం ఇదే గనక పై ఆఫీసుకు అప్పటికప్పుడు ఫోటోతో సహా పంపాలని వచ్చారు. పక్కన పెద్ద తెర వెలుగుతూ ఉంది. నా పేరు, ఊరు పడ్డాయి. అంకమ్మ పేరు, ఊరు పడ్డాయి. మధ్యలో ఖాళీ. సంతంతా ఆ ఖాళీ వైపే చూస్తోంది. అవతల లారీ దగ్గర మరిది కూడా చూస్తున్నాడు. ధర పడితే గాని గేటు లేవదు. ధర పడితే ఇన్నాళ్లూ మేము దాచుకున్నదంతా ఎర్రగా అక్కడ నిలబడుతుంది. అంకమ్మ పగ్గం వెనక్కి అందుకోవడానికన్నట్టు చెయ్యి సగం చాపింది.

“పరికరమా, ధరను తెలియజేయుము,” అన్నారు ఏకాంబరం గారు, నాగుల్‌మీరాతో.

నాగుల్‌మీరా తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మబ్బు వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

“సిగ్నల్ లేదు సార్.”

ఏకాంబరం గారి మొహంలో కోపం కోసం చూశాను. రాలేదు. ఇన్ని నెలలుగా తువ్వాళ్లు, వేళ్లు, చెమట అంటూ ఆయనకు అర్థంకాని వ్యాధులు చెబుతూ వచ్చాం. ఇప్పుడు మొదటిసారిగా, ఆయనకు బాగా తెలిసిన జబ్బు ఒకటి చెప్పాడు నాగుల్‌మీరా. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి వదిలారు.

“సంకేత లోపము,” అన్నారు. “ఇది అన్ని ప్రాంతములలోనూ గలదు.”

హేమాద్రి నా మొహం వైపు చూడకుండా నియమాల పుస్తకం తెరిచాడు. సంకేత లోపం వల్ల వినియోగదారునికి ఎట్టి ఆలస్యమూ కలుగరాదు, అట్టి బేరము పూర్తయినట్లే భావించవలెను అని గట్టిగా చదివాడు. చీటీ చించి నా చేతిలో పెట్టాడు. గేటు లేచింది.

ఎద్దును బయటికి తోలుకొచ్చాను. మరిది బీడీ పారేసి లారీ ఎక్కాడు. లారీ ఖాళీగా పోయింది. ఊటుపాడు దాటి వంతెన దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. చీటీ తడవకుండా తలపాగాలో పెట్టుకున్నాను. ఎద్దు మాత్రం తడుస్తూనే నడిచింది.

ఆ వారం నుంచి సంతలో ఏ జీవ బేరసారథికీ సిగ్నల్ లేదు. బేరాలు మాత్రం బాగా సాగుతున్నాయి. సంఘం చివరిసారి కూర్చొని, బేరసారథి విపణిలో నిలదొక్కుకోకపోవడానికి ఏకైక కారణం సంకేత లోపమే అని ఏకగ్రీవంగా తేల్చింది. నేను మౌనంగా ఆమోదించాను. సంత నడిబొడ్డున ఒక టవరు వేస్తామని రాసుకెళ్లారు. హేమాద్రిని ఇంకో జిల్లాకు, ఇంకో పరికరానికి మార్చారు. చేపలవాళ్ల కోసమట. పోయేముందు మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి పోయాడు. ధర సంగతి అడగలేదు.

పున్నమి నాడు రెండిటినీ కాడికి కట్టాను. కొత్తది దాపటివైపుకు తనే వచ్చి నిలబడింది. రెండు సాళ్లు తిరిగేసరికి వలపటిది అడుగు కలిపింది. సాయంత్రం చావిట్లో కూర్చున్నవాళ్లు ఎద్దు చుట్టూ తిరిగి, పళ్లు పట్టి చూసి, ఎంతకు తెచ్చావు వెంగళయ్యా అని అడిగారు.

అంతా నెట్‌లో ఉంటుందంట, చూసుకోమన్నాను.